ప్రోస్టేట్ క్యాన్సర్ ఉపరకాలు: జీవక్రియా భేదాలు

నిర్వచనం, పరిధి

ప్రోస్టేట్ గ్రంథిలో (పౌరుష గ్రంథిలో) పుట్టే క్యాన్సర్లన్నీ ఒకే తీరుగా బతకవు. శక్తిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాయి, కొవ్వును కొని తెచ్చుకుంటాయా, సొంతంగా తయారు చేసుకుంటాయా, పురుష హార్మోన్ అందకపోతే ఏం చేస్తాయి అన్న విషయాల్లో ఒక ఉపరకానికీ మరో ఉపరకానికీ తేడా ఉంటుంది. ఈ తేడాలనే జీవక్రియా భేదాలు అంటారు. ఉపరకాలను జన్యుమార్పులను బట్టి, సూక్ష్మదర్శినిలో కనిపించే కణజాల స్వరూపాన్ని బట్టి, హార్మోన్ చికిత్సకు స్పందించే తీరును బట్టి మూడు విధాలుగా విడదీస్తారు. ఒకే కణితి ఈ మూడు లెక్కల్లోనూ ఉండవచ్చు.

క్యాన్సర్ కణానికి చక్కెరే ఆహారమన్న మాట జనంలో బాగా నాటుకుపోయింది. తొలిదశ ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో ఆ మాట చెల్లదు. ఎందుకు చెల్లదో తెలియాలంటే ముందుగా ఆరోగ్యంగా ఉన్న గ్రంథి పనితీరును చూడాలి.

చరిత్ర

క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుబాటులో ఉన్నా గ్లూకోజును పూర్తిగా మండించకుండా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలో గమనించాడు. ఆయనకు 1931లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ధోరణికి ‘వార్‌బర్గ్ ప్రభావం’ అన్న పేరు స్థిరపడింది. ప్రోస్టేట్ క్యాన్సర్ పురుష హార్మోన్లపై ఆధారపడుతుందని చార్లెస్ హగ్గిన్స్, క్లారెన్స్ హాడ్జెస్ 1941లో చూపించారు. హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ దక్కింది. ప్రోస్టేట్ కణజాలంలో సిట్రిక్ ఆమ్లం ఎంత ఉందో కొలిచినవారిలో కూడా హగ్గిన్స్ ఉన్నాడు. ఆ రెండు పరిశోధనలకూ సంబంధం ఉందని తేలడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

గ్రంథిలో జింక్ అసాధారణ స్థాయిలో ఉంటుందని 1952లో మాసన్, ఫిషర్ తెలిపారు. జింక్‌కూ సిట్రేట్‌కూ ఉన్న ముడిని విప్పి, క్యాన్సర్‌లో అది ఎలా తెగిపోతుందో వివరించినవారు అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెస్లీ కాస్టెల్లో, రెంటీ ఫ్రాంక్లిన్. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుళ్ చిన్నయ్యన్ బృందం టీఎంపీఆర్‌ఎస్‌ఎస్‌2–ఈఆర్‌జీ జన్యు కలయికను కనుక్కోవడంతో అణుస్థాయి ఉపరకాల అధ్యయనం మొదలైంది. 2015లో ‘ద క్యాన్సర్ జీనోమ్ అట్లాస్’ ప్రాజెక్టు 333 ప్రాథమిక కణితులను పరిశీలించి వర్గీకరణకు ఒక రూపం ఇచ్చింది.

స్వస్థ గ్రంథి జీవక్రియ

శరీరంలోని దాదాపు ప్రతి కణానికీ సిట్రేట్ ఇంధనమే. క్రెబ్స్ వలయంలో అకోనిటేస్ అనే ఎంజైమ్ దాన్ని తర్వాతి మెట్టుకు దాటిస్తుంది, అక్కడి నుంచి శక్తి పుడుతుంది. ప్రోస్టేట్ గ్రంథి బయటి వలయంలో (పెరిఫెరల్ జోన్) స్రావాలు తయారుచేసే కణాల తీరు వేరు. ఇవి జిప్1 అనే వాహక ప్రోటీన్ ద్వారా జింక్‌ను లోపలికి లాక్కుంటాయి. ఆ జింక్ మైటోకాండ్రియాలో అకోనిటేస్‌కు అడ్డుపడుతుంది. సిట్రేట్ ముందుకు కదలలేక పోగుపడుతుంది, చివరకు వీర్యంలో కలిసే ద్రవంగా బయటికి పోతుంది. రక్త ప్లాస్మాలో సిట్రేట్ 0.1–0.2 మిల్లీమోలార్ల దగ్గర ఉంటే, ప్రోస్టేట్ ద్రవంలో 40 నుంచి 150 మిల్లీమోలార్ల దాకా ఉంటుంది.

ఈ పనికి కణం చెల్లించే ధర ఎక్కువే. కాస్టెల్లో, ఫ్రాంక్లిన్ లెక్క ప్రకారం ఒక గ్లూకోజు అణువు పూర్తిగా దహనమైతే 38 ఏటీపీ అణువులు రావాలి. సిట్రేట్‌ను మధ్యలోనే బయటికి పంపేసే కణానికి దక్కేవి 14 మాత్రమే. (తర్వాతి జీవరసాయన గ్రంథాలు మొదటి అంకెను 30–32కి తగ్గించాయి. అయినా రెంటి మధ్య అంతరం చిన్నది కాదు.)

ఈ కణాలు స్పెర్మిన్ అనే పాలీఅమీన్‌ను కూడా విరివిగా స్రవిస్తాయి. వీర్యం ఆరినప్పుడు ఏర్పడే దాని ఫాస్ఫేట్ స్ఫటికాలను లేవెన్‌హుక్ 1678లోనే తన సూక్ష్మదర్శినిలో చూశాడు.

క్యాన్సర్ ఆరంభంలోని మార్పు

బయటి వలయంలో కణం క్యాన్సర్‌గా మారేటప్పుడు జిప్1 వాహకం తగ్గిపోతుంది, జింక్ పడిపోతుంది, అకోనిటేస్‌కు అడ్డు తొలగుతుంది. ఇన్నాళ్లూ పారబోసిన సిట్రేట్‌ను కణం ఇప్పుడు మండించుకుంటుంది. చాలా అవయవాల క్యాన్సర్లు మైటోకాండ్రియా దహనాన్ని తగ్గించి చక్కెర వైపు మళ్లుతుంటే, ప్రోస్టేట్ క్యాన్సర్ తొలిదశలో దహనాన్ని పెంచుకుంటుంది. సాధారణ ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ రేడియోధార్మిక చక్కెర మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ దశలో దాని చూపు మందంగా ఉంటుంది. పైగా ఆ చక్కెర మూత్రంలోకి పోయి, పక్కనే ఉన్న మూత్రాశయాన్ని వెలిగించి, గ్రంథిని మరుగుపరుస్తుంది.

రెండో మార్పు కొవ్వుల్లో వస్తుంది. ఆండ్రోజెన్ (పురుష హార్మోన్) గ్రాహకం ఎస్‌ఆర్‌ఈబీపీ అనే నియంత్రకాల ద్వారా కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైమ్‌లను, ముఖ్యంగా ఎఫ్‌ఏఎస్‌ఎన్‌ను, ప్రేరేపిస్తుంది. కణం కొవ్వును తయారు చేస్తూనే మరోవైపు కాలుస్తూ ఉంటుంది కూడా. శాఖలున్న కొవ్వు ఆమ్లాల దహనానికి తోడ్పడే ఏఎంఏసీఆర్ ఎంజైమ్ ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలావాటిలో పెరుగుతుంది. బయాప్సీ స్లైడు మీద ప్రత్యేక రంగు వేస్తే క్యాన్సర్ గ్రంథుల కణాల్లో ఇది ముతక రేణువులుగా కనిపిస్తుంది. పక్కనున్న మామూలు గ్రంథులు సాధారణంగా ఖాళీగానే ఉంటాయి. నిర్ధారణ సందిగ్ధంగా ఉన్నప్పుడు పాథాలజిస్టులు రోజూ వాడే ఈ పరీక్ష, నిజానికి ఒక జీవక్రియా ఎంజైమ్‌కు వేసిన రంగే.

జన్యు ఉపరకాలు

2015 అట్లాస్ వర్గీకరణలో ఏడు ఉపరకాలు ఉన్నాయి. ఈటీఎస్ కుటుంబ జన్యువుల కలయికలు నాలుగు: ఈఆర్‌జీ (46 శాతం), ఈటీవీ1 (8), ఈటీవీ4 (4), ఎఫ్‌ఎల్‌ఐ1 (1). మ్యుటేషన్ల వల్ల ఏర్పడేవి మూడు: ఎస్‌పీఓపీ (11), ఫాక్స్‌ఏ1 (3), ఐడీహెచ్1 (1). మిగిలిన 26 శాతం కణితులు ఈ ఏడింటిలో ఎక్కడా ఇమడలేదు. వాటి జీవక్రియ గురించి ఒక్క మాటలో చెప్పడం సాధ్యం కాదు.

ఈఆర్‌జీ కలయిక. 21వ క్రోమోజోమ్‌పై సుమారు 30 లక్షల బేస్ జతల ఎడంలో ఉండే రెండు జన్యువులు అతుక్కుపోతాయి. వాటిలో ఒకటి ఆండ్రోజెన్ ఆజ్ఞకు లోబడేది కాబట్టి, రెండోదైన ఈఆర్‌జీ కూడా పురుష హార్మోన్ చెప్పినట్లు పెరుగుతుంది. ఈ కలయిక యూరోపియన్ మూలాలున్న రోగుల్లో దాదాపు సగం మందిలో కనిపిస్తే, తూర్పు ఆసియాలో బాగా తక్కువ. నార్వేలో 2016లో వెలువడిన కణజాల అధ్యయనంలో ఈఆర్‌జీ అధికంగా ఉన్న నమూనాల్లో సిట్రేట్, స్పెర్మిన్ తక్కువగా కనిపించాయి. ఆ రెండూ తగ్గడం దూకుడైన కణితుల లక్షణమని అప్పటికే తెలుసు. అయితే ఈఆర్‌జీ ఉన్నంత మాత్రాన రోగి ఆయుష్షు తగ్గుతుందని చెప్పడానికి ఆధారాలు ఏకాభిప్రాయంతో లేవు.

ఎస్‌పీఓపీ మ్యుటేషన్. ఎస్‌పీఓపీ కణంలో కాలం చెల్లిన ప్రోటీన్లను గుర్తించి ధ్వంసానికి అప్పగించే ప్రోటీన్. మ్యుటేషన్ వస్తే ఆ పని సరిగా జరగక ఆండ్రోజెన్ గ్రాహకం, దాని సహాయక ప్రోటీన్లు పోగుపడతాయి. అట్లాస్‌లో ఆండ్రోజెన్ ప్రభావం అత్యధికంగా కనిపించినవి ఎస్‌పీఓపీ, ఫాక్స్‌ఏ1 ఉపరకాలే. మామూలు ఎస్‌పీఓపీ ఎఫ్‌ఏఎస్‌ఎన్‌ను అదుపులో ఉంచుతుందనీ, మ్యుటేషన్ వస్తే కొవ్వు తయారీ పెరుగుతుందనీ ప్రయోగశాల పరిశోధనలు సూచించాయి. ఈఆర్‌జీ కలయిక, ఎస్‌పీఓపీ మ్యుటేషన్ ఒకే కణితిలో సాధారణంగా కలిసి ఉండవు.

ఐడీహెచ్1 మ్యుటేషన్. నూటికి ఒక్కరిలోనే కనిపించినా, ఏడింటిలో మ్యుటేషన్ నేరుగా జీవక్రియా ఎంజైమ్‌కే తగిలేది ఇందులోనే. మారిన ఎంజైమ్ ఆల్ఫా కీటోగ్లుటరేట్‌ను 2–హైడ్రాక్సీగ్లుటరేట్ అనే అసహజ పదార్థంగా మారుస్తుంది. అది డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులను చెరిపే ఎంజైమ్‌లకు అడ్డుతగులుతుంది, ఫలితంగా జీనోమ్ అంతటా మిథైల్ గుర్తులు కిక్కిరుస్తాయి. ఈ ఉపరకం కాస్త చిన్న వయసు రోగుల్లో కనిపించింది.

పీటెన్ లోపం, మిక్ ఆధిక్యం

ఈ రెండూ అట్లాస్ జాబితాలో విడి ఉపరకాలు కావు. కానీ జీవక్రియ దృష్ట్యా చూస్తే ఆ జాబితాలోని చాలావాటికంటే వీటికే ప్రాధాన్యం ఎక్కువ. పీటెన్ జన్యువు పీఐ3కే–ఏకేటీ సంకేత మార్గానికి కళ్లెం. అది పోతే కణం గ్లూకోజును ఎక్కువగా లోపలికి తీసుకుంటుంది. పీటెన్‌తో పాటు పీ53 (టీపీ53 జన్యువు) కూడా పోతే గ్లూకోజు దారిలో మొదటి మెట్టైన హెక్సోకైనేస్2 బాగా పెరుగుతుందని 2014లో ఎలుకలపై, కణాలపై చేసిన పరిశోధన చూపింది. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధన ఏకేటీ1 చురుగ్గా ఉన్న కణితులు గ్లూకోజు వైపు, మిక్ అనే జన్యువు చురుగ్గా ఉన్నవి కొవ్వుల వైపు మొగ్గుతాయని తేల్చింది. సూక్ష్మదర్శినిలో రెండూ ఒకేలాంటి అడినోకార్సినోమాలే. రసాయన పరీక్ష చేస్తే గానీ ఆ తేడా బయటపడదు.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు రామన్ వర్ణపట సూక్ష్మదర్శినితో ఉన్నత శ్రేణి కణితులను, ఇతర అవయవాలకు పాకినవాటిని చూసినప్పుడు కణాల లోపల కొవ్వు బిందువులు కనిపించాయి. అవి కొలెస్టరాల్ ఎస్టర్‌తో నిండి ఉన్నాయి. మామూలు గ్రంథిలోనూ, నిరపాయకరమైన వాపులోనూ అలాంటి నిల్వ లేదు. ఈ కొలెస్టరాల్‌లో కణం సొంతంగా తయారుచేసుకున్నదానికంటే రక్తంలోని ఎల్‌డీఎల్ నుంచి లాక్కున్నదే ఎక్కువ. పీటెన్ లోపమే ఈ నిల్వకు కారణమని వారు నిర్ధారించారు. రామన్ సంకేతం విడిగా ఒక్కో బిందువునూ గుర్తించి, అందులో ఏముందో చెప్పగలిగింది.

కణజాల స్వరూపాన్ని బట్టి

ప్రోస్టేట్ క్యాన్సర్లలో అత్యధికం సన్నని గ్రంథి నాళికల్లో పుట్టే ఎసినార్ అడినోకార్సినోమా. పైన చెప్పిన సిట్రేట్ కథ ప్రధానంగా దానిదే. పెద్ద నాళాల్లో పుట్టే డక్టల్ అడినోకార్సినోమా అరుదు. కొందరు రోగుల్లో ఇది పీఎస్‌ఎంఏ అనే ఎంజైమ్‌ను గుర్తించే స్కాన్‌లో మసకగా, ఎఫ్‌డీజీ స్కాన్‌లో ప్రకాశంగా ఉన్నట్లు నివేదికలు వచ్చాయి. మొదటి నుంచే చిన్నకణ క్యాన్సర్‌గా మొదలయ్యేవి మరీ అరుదు. వాటి జీవక్రియ న్యూరోఎండోక్రైన్ రకానిదే (చూ. న్యూరోఎండోక్రైన్ ఉపరకం).

హార్మోన్ చికిత్సకు లొంగని ఉపరకం

రక్తంలో టెస్టోస్టిరాన్‌ను దాదాపుగా తుడిచేసినా క్యాన్సర్ పెరుగుతూ ఉంటే దాన్ని హార్మోన్ చికిత్సకు లొంగని ప్రోస్టేట్ క్యాన్సర్ అంటారు. ఇక్కడ కణితే హార్మోన్ కార్ఖానాగా మారుతుంది. అడ్రినల్ గ్రంథులు ఇచ్చే బలహీన ఆండ్రోజెన్‌లను ఏకేఆర్1సీ3 వంటి ఎంజైమ్‌లతో బలమైనవిగా మార్చుకుంటుంది. హెచ్‌ఎస్‌డీ3బీ1 జన్యువులో వంశపారంపర్యంగా వచ్చే ఒక తేడా ఉన్నవారిలో ఈ మార్పిడిలో పాల్గొనే మరో ఎంజైమ్ త్వరగా నశించక ఎక్కువ కాలం పనిచేస్తుంది. అలాంటివారిలో హార్మోన్ తగ్గించే చికిత్స ప్రభావం త్వరగా సన్నగిల్లే అవకాశం ఉంది. క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో నీమా షరీఫీ బృందం 2013లో ఈ జన్యు తేడాను వెలికితీసింది. హార్మోన్ సంశ్లేషణను అడ్డుకునే అబిరాటెరాన్‌కు 2011లో, గ్రాహకాన్నే అడ్డుకునే ఎంజాలుటమైడ్‌కు 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఈ దశలో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం మీద ఆధారం పెరుగుతుంది. దాన్ని విరిచే గ్లుటమినేస్ ఎంజైమ్ ఆండ్రోజెన్ అదుపులో ఉండే రూపం నుంచి ఆ అదుపు అక్కర్లేని మరో రూపానికి మారుతుంది.

న్యూరోఎండోక్రైన్ ఉపరకం

ప్రబలమైన హార్మోన్ మందుల ఒత్తిడి కింద కొన్ని కణితులు ఆండ్రోజెన్ గ్రాహకాన్నే వదులుకుని నాడీకణాల లక్షణాలు తెచ్చుకుంటాయి. ఆర్‌బీ1, టీపీ53 జన్యువులు పోవడం, ఎన్–మిక్ పెరగడం తరచుగా కనిపిస్తాయి. గ్రాహకం పోగానే, రక్తపరీక్షలో కొలిచే పీఎస్‌ఏ ప్రోటీన్ తయారీ కూడా తగ్గుతుంది. అందువల్ల ఆ పరీక్షలో అంకె తక్కువగా ఉన్నా, జబ్బు కాలేయానికి పాకి ఉండవచ్చు.

సిట్రేట్ స్రవించే గ్రంథి నుంచి అత్యంత దూరంగా జరిగిపోయిన ఉపరకం ఇదే. వార్‌బర్గ్ వర్ణించిన జీవక్రియ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. గ్లూకోజు వాహకాలు పెరుగుతాయి, లాక్టిక్ ఆమ్లాన్ని బయటికి తోసే ఎంసీటీ4 పెరుగుతుంది. 2019లో ఒక పరిశోధక బృందం పీకేసీ ల్యామ్డా/అయోటా ప్రోటీన్ లోపిస్తే సెరీన్ తయారీ పెరుగుతుందని చూపింది. దాని నుంచి వచ్చే మిథైల్ దాత అణువులు డీఎన్‌ఏ మీద గుర్తులను మార్చి, కణం తన గుర్తింపునే మార్చుకోవడానికి తోడ్పడతాయి. జీవక్రియ మార్పు కణం రూపాంతరానికి పర్యవసానం మాత్రమే కాదు, కారణం కూడా కావచ్చన్నదానికి ఇది బలమైన ఆధారం.

ఆండ్రోజెన్ గ్రాహకమూ, న్యూరోఎండోక్రైన్ గుర్తులూ రెండూ లేని ‘డబుల్ నెగెటివ్’ రకం కూడా ఉంది. దాని జీవక్రియపై అధ్యయనాలు ఇంకా తక్కువ.

కొలిచే పద్ధతులు

ఎంఆర్ వర్ణపట పరీక్ష. 1990లలో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ కుర్హానెవిచ్ బృందం దీన్ని ప్రోస్టేట్‌కు అన్వయించింది. రేఖాపటంలో 2.6 పీపీఎం దగ్గర సిట్రేట్ శిఖరం, 3.0 దగ్గర క్రియేటిన్, 3.2 దగ్గర కోలీన్ కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో సిట్రేట్ శిఖరం ఎత్తుగా నిలబడుతుంది. క్రియేటిన్‌కూ కోలీన్‌కూ నడుమ ఉండాల్సిన లోయను 3.1 దగ్గర పాలీఅమీన్‌లు పూడ్చేస్తాయి. క్యాన్సర్‌లో సిట్రేట్ కుంగి, కోలీన్ లేచి, స్పెర్మిన్ తగ్గడంతో ఆ లోయ మళ్లీ తెరుచుకుంటుంది.

హైపర్‌పోలరైజ్డ్ పైరువేట్ చిత్రణ. కార్బన్–13తో గుర్తించిన పైరువేట్‌ను రక్తంలోకి ఎక్కించి, అది లాక్టేట్‌గా మారే వేగాన్ని నిమిషాల్లో చూస్తారు. మనుషులపై తొలి ప్రయోగం 31 మంది ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులతో జరిగింది, ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

పెట్ స్కాన్లు. కార్బన్–11 కోలీన్‌కు 2012లో, అమైనో ఆమ్లం లాంటి ఫ్లూసిక్లోవిన్‌కు 2016లో, గాలియం–68 పీఎస్‌ఎంఏకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది. పీఎస్‌ఎంఏ కూడా ఒక జీవక్రియా ఎంజైమే. ఫోలేట్ గొలుసు నుంచి గ్లుటమేట్‌ను కత్తిరించడం దాని పని, అందుకే దాని జన్యువు పేరు ఫోలేట్ హైడ్రొలేస్.

వైద్యంలో ప్రాధాన్యం

ఉపరకాన్ని బట్టి జీవక్రియ మారుతుంది కాబట్టి స్కాన్ ఎంపిక కూడా మారాలి. ఒకే రోగి కాలేయంలోని మచ్చ పీఎస్‌ఎంఏ చిత్రంలో కనిపించకుండా, ఎఫ్‌డీజీ చిత్రంలో నిప్పులా వెలగడం న్యూరోఎండోక్రైన్ మార్పును అనుమానించడానికి కారణమవుతుంది. 2022లో అనుమతి పొందిన లుటీషియం–177 పీఎస్‌ఎంఏ చికిత్స పీఎస్‌ఎంఏ ఉన్న కణాలకే చేరుతుంది. ఆస్ట్రేలియాలో 200 మందిపై జరిగిన థెరాపీ అనే అధ్యయనం ఎఫ్‌డీజీలో మాత్రమే వెలిగే మచ్చలున్నవారిని ముందే పక్కన పెట్టింది. 831 మందితో జరిగిన విజన్ అధ్యయనంలో ఎఫ్‌డీజీ వడపోత లేదు.

పీటెన్ లోపాన్ని లక్ష్యంగా చేసుకునే మందుల్లో ఇపటాసెర్టిబ్ 1,101 మందిపై జరిగిన అధ్యయనంలో (2021) పీటెన్ లేని కణితులున్నవారిలో జబ్బు ముదరకుండా ఆపిన కాలాన్ని 16.5 నెలల నుంచి 18.5 నెలలకు పెంచింది. రెండు నెలల ఈ తేడా గణాంకపరంగా నిలబడింది గానీ, దుష్ప్రభావాలతో తూస్తే పెద్ద విజయమని చెప్పలేం. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్‌ను బ్రిటన్ కేంద్రంగా సాగిన స్టాంపీడ్ అధ్యయనంలో పరీక్షించారు. హార్మోన్ చికిత్స వల్ల వచ్చే బరువు, చక్కెర, కొలెస్టరాల్ ఇబ్బందులు తగ్గాయి, ఆయుష్షు మాత్రం నిర్ధారణగా చెప్పదగినంత పెరగలేదు. ఆ అధ్యయనంలో రోగులను జీవక్రియా ఉపరకాలుగా విడదీసి చేర్చుకోలేదు.

వివాదాలు, పరిమితులు

2009లో మిషిగన్ బృందం 262 నమూనాల్లో 1,126 జీవక్రియా పదార్థాలను కొలిచి, సార్కోసిన్ అనే అమైనో ఆమ్లం క్యాన్సర్ ముదిరే కొద్దీ పెరుగుతుందని ప్రకటించింది. మూత్రపరీక్షతో దూకుడు క్యాన్సర్‌ను పట్టుకోవచ్చన్న ఆశ కలిగింది. తర్వాత ఇతర ప్రయోగశాలలు చేసిన మూత్రపరీక్షల్లో ఆ తేడా నిలకడగా కనిపించలేదు.

జింక్ మాత్రలు మింగితే కణితిలో జింక్ తిరిగి నిండుతుందన్న ఊహకు పై వివరణలోనే జవాబు ఉంది. కొరత రక్తంలో లేదు, కణం గోడలోని వాహకంలో ఉంది.

నమూనా తీసే పద్ధతిలో మరో చిక్కు ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తరచుగా ఒకే గ్రంథిలో పలుచోట్ల వేర్వేరుగా పుడుతుంది. ఒక మూల ఈఆర్‌జీ కలయిక, మరో మూల ఎస్‌పీఓపీ మ్యుటేషన్ ఉండవచ్చు. సన్నని సూదితో తీసిన ముక్కలో క్యాన్సర్ గ్రంథులతో పాటు మామూలు గ్రంథులూ, కండర తంతువులూ కలిసి వస్తాయి. ఆ మామూలు గ్రంథుల్లోని సిట్రేట్ కణితి లెక్కలో చేరిపోతుంది. శస్త్రచికిత్సలో రక్తనాళాలను బిగించిన క్షణం నుంచి కణజాలాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించే దాకా గ్లూకోజు తగ్గుతూ, లాక్టేట్ పెరుగుతూ పోతాయి. ఆ నిమిషాలను రాసి ఉంచని నమూనాల్లో కనిపించిన లాక్టేట్ ఎంతవరకు కణితిదో, ఎంతవరకు ఆపరేషన్ బల్ల మీద పుట్టిందో విడదీయడం కష్టం.